బ్రేకులకు బొట్టు

అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ నడిపేవాళ్లకు కోపం కూడా పనిలో భాగమే. నీళ్ల ట్యాంకరు రాకపోతే కోపం. సాంబారు పల్చబడితే కోపం. గేటు వేసే వేళకి ఎవరో ఫోన్ చేసి "అయిదు నిమిషాల్లో ఉంటా ఆంటీ" అంటే ఇంకా కోపం. కానీ అప్పుడే కడిగించిన మెట్ల మీద, కింద నుంచి మూడో అంతస్తు దాకా, మెట్టు మెట్టుకీ బురద కాళ్ల గుర్తులు చూసిన రోజున వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ఆ గుర్తుల వెంటే పైకి వెళ్లాను. వరండాలో పాతికేళ్ల అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. కుడి భుజాన సైకిలు, ఎడమ చేతిలో జాకెట్ల సంచీ. పంజాగుట్ట సందులో తల్లీ కూతుళ్లు నడిపే టైలరింగ్ షాపు పిల్ల. మా హాస్టల్ అమ్మాయిలకి జాకెట్లు కుట్టి తెచ్చిస్తూ ఉండేది.

"ఏంటమ్మా ఇది? సైకిలు కింద పెట్టి రాకూడదా?" అన్నాను.

"కింద పెడితే ఎవలన్న ఎత్తుకపోతరు ఆంటీ. గిది మామూలు సైకిల్ గాదు. ఇగ గిట్ల మోసుడు నాకు ప్రాక్టీస్ సుత అయితది" అంది, ఏమాత్రం జంకకుండా.

దేనికి ప్రాక్టీసు అని అడగకుండా ఉండాల్సింది. నా మోకాళ్లు క్షేమంగా ఉండేవి. అడిగాను.

దాన్ని సైక్లోక్రాస్ అంటారట. సగం సైకిల్ పందెం, సగం పరుగు పందెం, మిగిలినదంతా బురద. గడ్డిలో, ఇసుకలో, గుంటల్లో తొక్కాలి. దారికి అడ్డంగా చెక్కలు పెడతారు. అక్కడ సైకిలు దిగి, దాన్ని భుజానికెత్తుకుని, చెక్కల మీంచి దూకి, పరుగెడుతూనే మళ్లీ ఎక్కాలి. నిలువుగా గట్టు వస్తే మోసుకుంటూ ఎక్కాలి. ఊరి బయట ఒక క్లబ్బు వాళ్లు ఆడవాళ్లకి విడిగా రేసు పెడుతున్నారట. జట్టుకు ముగ్గురు కావాలి, ఇద్దరే ఉన్నారు. ఆ పిల్ల ఇదంతా చెబుతూ నన్ను కిందికీ పైకీ చూసింది. కొలతలు తీసుకునేటప్పుడు చూసే చూపది. నాకు నవ్వొచ్చింది.

చిన్నప్పుడు గుంటూరులో కాలేజీకి సైకిలు మీదే వెళ్లేదాన్ని. పెళ్లయ్యాక ముట్టుకోలేదు. ఆ సాయంత్రం హాస్టల్ ముందు సందులో ఆమె సైకిలు తీసుకుని చివరిదాకా తొక్కి, తిరిగి వచ్చాను. బజ్జీల బండి దగ్గర నిలబడ్డ మా హాస్టల్ అమ్మాయిలు నోళ్లు వెళ్లబెట్టి చూశారు. ఒకత్తి ఈల వేసింది. ఆ ఈలే నా కొంప ముంచింది.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పాను. ఆయన ఖైరతాబాదులో ఆఫీసు పని చేసి వచ్చి, ప్రపంచంలో ఏం జరిగినా పెరుగన్నం దాకా ఆగి మాట్లాడే మనిషి. పెరుగన్నం కలుపుకుంటూ, "సైకిలు మనల్ని మొయ్యాలి గానీ మనం సైకిల్ని మొయ్యడం ఏంటే?" అన్నారు.

జట్టులో రెండో మనిషి పంజాగుట్టలో పళ్ల డాక్టరు. నా ఈడుదే, గోదావరి వైపు మనిషి. పన్ను పీకుతున్నప్పుడు కూడా "కొంచెం ఓర్చుకోండి" అని మర్యాదగా అంటుంది. బురదలో పడ్డప్పుడు సైకిల్ని కూడా అలాగే మన్నిస్తుంది. తన పాత సైకిలు నాకిచ్చింది. వాళ్లిద్దరి సైకిళ్లకీ చక్రం మధ్యలో మెరిసే పళ్లెంలా ఉండే డిస్క్ బ్రేకులు. నాదానికి మాత్రం పాతకాలం రబ్బరు కట్టలు. "నేర్చుకోవడానికి చాలండి, తర్వాత మార్చుకుందురుగాని" అంది. నేను మార్చుకోలేదు.

మొదటి రోజే నేనొక నియమం పెట్టాను. హాస్టల్లో ఎంతమంది ఆంటీ అన్నా భరిస్తాను, సైకిలు మీద మాత్రం నన్నెవరూ అలా పిలవకూడదు. టైలర్ పిల్ల ఆ క్షణం నుంచే "అక్కా" అనడం మొదలుపెట్టింది. ఆమె తల్లి మాత్రం నన్ను మొదట్నుంచీ "అమ్మా" అనే అంటుంది, నాకన్నా పెద్దదయినా.

అమీర్‌పేట తెల్లవారకముందు ఎలా ఉంటుందో, ఇన్నేళ్లు అక్కడే ఉండి కూడా అప్పటిదాకా నాకు తెలియదు. కోచింగ్ సెంటర్ల షట్టర్లన్నీ మూసి ఉంటాయి. ఉద్యోగాలు ఇప్పిస్తామనే బోర్డులన్నీ ఎవరూ చదవకుండా వేలాడుతుంటాయి. మెట్రో స్తంభాల కింద ఇడ్లీ బండివాడు పొయ్యి ముట్టిస్తుంటాడు. ఆ వేళకి మేం ముగ్గురం భుజాన సైకిళ్లతో మా హాస్టల్ మెట్లు ఎక్కి దిగేవాళ్లం. కట్టే బిల్డింగు ముందు ఇసుక కుప్ప కనిపిస్తే అందులోంచి తొక్కేవాళ్లం. నేనైతే తొక్కడం కన్నా కూరుకుపోవడమే ఎక్కువ. వాచ్‌మన్ మొదట తరిమాడు. తర్వాత కుర్చీ వేసుకుని కూర్చుని, "మేడమ్, జర ముంగటికి వంగున్రి, గప్పుడు చక్రం ఇరుక్కోదు" అని సలహాలివ్వడం మొదలుపెట్టాడు. ఆ సలహా వల్ల ముక్కు మీద పడ్డాను.

నాకు అన్నిటికన్నా కష్టం పరుగెడుతూ సైకిలు ఎక్కడం. గాల్లోకి లేచి సీటు మీద కూర్చోవాలి. ఎలా కూర్చోకూడదో అన్ని రకాలుగానూ కూర్చున్నాను. తొడలు కమిలిపోయేవి. కూరగాయల బజారుకి కుంటుతూ వెళ్తే తెలిసినవాళ్లు ఆగి పలకరించేవారు. ఎవరికని చెప్పను?

అయినా మానలేదు. మా హాస్టల్లో ఎనభై మందికి నేను అన్నీ తెలిసిన మనిషిని. బకెట్ పగిలినా నన్నే అడుగుతారు, మనసు విరిగినా నన్నే అడుగుతారు. తెల్లవారుజామున సైకిలుతో గడిపే ఆ రెండు గంటలూ మాత్రం నాకేమీ రాదు. పక్కన ఇద్దరు ఓపిగ్గా నేర్పేవాళ్లున్నారు. ఆ వయసులో నాకు కొత్తగా ఒకటి నేర్పడానికి ఇద్దరు మనుషులు తమ నిద్ర మానుకుని వచ్చేవారు. అంతకన్నా అదృష్టం ఏముంటుంది?

మా జెర్సీలు టైలర్ పిల్ల తల్లే కుట్టింది. సిరిసిల్ల నుంచి వచ్చి బోరబండలో స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. గుడ్డ పట్టుకుంటే ఆవిడ వేళ్లు ఆగవు. సైకిలు మోసి మోసి మా భుజాలు కందిపోవడం చూసి, జెర్సీకి కుడి భుజం మీద లోపల దూది పెట్టి మెత్తలా కుట్టింది. జాకెట్లకి పెట్టే కప్పులే తిరగేసి పెట్టిందని తర్వాత తెలిసింది. వేసుకుంటే ముగ్గురికీ కుడి భుజం పైకి లేచి, ఎవరి మీదో అలిగి నిలబడ్డట్టు కనిపించేవాళ్లం. మిగతా జట్లవాళ్లు నవ్వారు. కానీ వాళ్ల భుజాలు కందిపోయేవి, మావి కందేవి కావు.

ఇక రేసుల సంగతి. టైలర్ పిల్ల ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండేది. డాక్టరు మధ్యలో ఎక్కడో, పడిన ప్రతివారినీ "దెబ్బ తగిలిందాండీ" అని అడుగుతూ వచ్చేది. నేను చివర. చివరగా రావడం తప్పు కాదు. తంటా అంతా ఒక నియమంతో వచ్చింది. అందరికన్నా ముందున్న మనిషి వెనక నుంచి వచ్చి మనల్ని దాటిందంటే, అంటే మనం ఒక చుట్టు వెనకబడ్డామంటే, విజిల్ వేసి పక్కకి తప్పిస్తారు. అంతటితో మన రేసు అయిపోయినట్టు. జట్టులో ముగ్గురూ చివరిదాకా ఉంటేనే బోర్డు మీద జట్టు పేరు రాస్తారు.

ప్రతిసారీ నాకు విజిల్ పడింది. ప్రతిసారీ బోర్డు మీద మా జట్టు పేరు లేదు. వాళ్లిద్దరూ ఏమీ అనేవారు కాదు. అనకపోవడమే నాకు ముల్లులా గుచ్చుకునేది. తిరుగు ప్రయాణంలో డాక్టరు కారు వెనక సీట్లో కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, నేను ఒక్క మాటా మాట్లాడేదాన్ని కాదు. నాతో వేగడం ఎంత కష్టమో మా ఆయన్ని అడిగితే చెబుతారు.

అంతలో మా హాస్టల్లోకి ఒక అమ్మాయి వచ్చింది. కాలేజీలో పరుగు పందేలు గెలిచిందట. మా మెట్ల ప్రాక్టీసు చూసి, "నేనూ రావచ్చా ఆంటీ?" అని అడిగింది. ఒక పొద్దున సరదాగా నా సైకిలు భుజానికెత్తుకుని రెండేసి మెట్ల చొప్పున ఎక్కేసింది. నేను కింద నిలబడి చూశాను. చూస్తూనే నిర్ణయించుకున్నాను. దసరా తర్వాత వచ్చే రేసులో కూడా విజిల్ పడితే, నా చోటు ఆ అమ్మాయికి ఇచ్చేసి తప్పుకుంటాను. డాక్టరుకి ఒక్కదానికే చెప్పాను. ఆవిడ గ్లవ్స్ సర్దుకుంటూ, "మీ ఇష్టమండీ" అంది. మొహం మాత్రం చిన్నబోయింది.

చెప్పానే గానీ, ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. నాకు ఆ రేసులు కావాలి. ఆ పొద్దులు కావాలి. చేతకాని పనిని అంతగా ప్రేమిస్తానని నేననుకోలేదు.

దసరా వచ్చింది. పంజాగుట్ట షాపులో ఆయుధపూజ. కుట్టు మిషన్లు, కత్తెరలు, ఇస్త్రీ పెట్టె అన్నిటినీ కడిగి, వరసగా పెట్టి, పువ్వులు చుట్టారు. వాటి పక్కనే మా మూడు సైకిళ్లు కూడా పెట్టమని కబురు పంపింది ఆ తల్లి. ముందు రోజు సాయంత్రం దించి వచ్చాం. పూజ నాడు మేం వెళ్లేసరికి అంతా అయిపోయింది. నిమ్మకాయలు తొక్కించి, ప్రసాదం తిని, పూలు చుట్టిన సైకిళ్లని అలాగే డాక్టరు కారుకి కట్టి తెచ్చుకున్నాం. రెండు రోజుల తర్వాత రేసు. ఆ రెండు రోజులూ వాన, పైగా హాస్టల్లో పండగ హడావుడి. ఎవరం సైకిలు ఎక్కలేదు.

రేసు రోజు ఆ తల్లి కూడా మాతో వచ్చింది. ఒళ్లో స్టీలు డబ్బా, దాని నిండా బతుకమ్మకి చేసిన పల్లి సత్తు ముద్దలు. మైదానమంతా వానకి నాని, అడుగు వేస్తే చితచితమంటోంది. రేసుకి ముందు ఒకసారి చుట్టి వద్దామని బయల్దేరారు వాళ్లిద్దరూ. మొదటి వాలు దగ్గరే కీచుమని అరుపు. ఇద్దరూ వాలు దిగిపోయి, పక్కనున్న కంపలోకి వెళ్లి ఆగారు.

బ్రేకులు పట్టలేదు. డాక్టరు చక్రం దగ్గర వంగి, వేలితో తుడిచి, వాసన చూసింది. "నువ్వుల నూనె అండీ" అంది నెమ్మదిగా.

నూనెలో కలిపిన సింధూరం. ఆ మెరిసే పళ్లెం చుట్టూ దట్టంగా, ఒక్క చోటు వదలకుండా, ఎంతో శ్రద్ధగా పట్టించి ఉంది. బురదలో ఎర్రగా కారుతోంది. బ్రేకు దిమ్మలు నూనె పీల్చేసుకున్నాయి. సబ్బునీళ్లు పోసి ఎంత తోమినా లాభం లేకపోయింది.

ఆ తల్లి సత్తు డబ్బా పట్టుకుని వచ్చింది. "మీ సైకిళ్లకు గీ చక్రం ఎంత మంచిగ మెరుస్తున్నదో! సాక్షాత్తు దేవుని చేతిల చక్రమే అనుకున్న. గందుకే గీడ్నే పెట్టిన" అంది సంబరంగా. తర్వాత నా వైపు తిరిగి, నొచ్చుకుంటూ, "నీదానికి చక్రం లేకపాయె గదమ్మా. హ్యాండిల్‌కు చిన్న బొట్టు పెట్టిన. ఏమనుకోకు" అంది.

మేం ముగ్గురం ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం. కూతురు నోరు తెరవబోయింది. డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, "చాలా బాగుందండీ" అంది. నాకు నవ్వు ఆగక సైకిలు వెనక్కి వెళ్లి కూర్చున్నాను. బ్రేకులున్నది మొత్తం జట్టులో నా ఒక్కదానికే. వాలు చూస్తే భయపడి, దిగి నడిచేదాన్ని కూడా నేనే.

"డాక్టరక్కా, నువ్వు వాలుకాడ దిగి ఉరుకు. నేను గట్లనే జారుకుంట పోత" అంది టైలర్ పిల్ల. మొదటి బహుమతి కొత్త టైర్ల జత. ఆమె టైర్లు అరిగి నున్నగా అయిపోయి చాలా నెలలయింది. ఆ టైర్ల గురించి ఆమె ఎన్ని పొద్దులు మాట్లాడిందో మాకు తెలుసు.

రేసు మొదలయింది. నేను ఎప్పటిలాగే చివర. బురద కళ్లలోకి, నోట్లోకి వచ్చింది. చెక్కల దగ్గర దిగాను, మోశాను, ఎక్కాను. ఒకసారి మాత్రం గాల్లోకి లేచి సరిగ్గా సీటు మీదే కూర్చున్నాను. ఎవరూ చూడలేదు. మైదానం అవతలి వైపు వాలు మీద టైలర్ పిల్ల కనిపించింది. బ్రేకులు లేకపోతేనేం, రెండు కాళ్లూ పెడల్స్ మీద పెట్టి బాణంలా దిగిపోతోంది. అందరికన్నా ముందుంది. ఆమె వెనక కొంచెం దూరంలో పచ్చ జెర్సీ అమ్మాయి. చుట్టు చుట్టుకీ అలాగే దూసుకుపోతోంది మా పిల్ల. గొంతు చించుకుని అరిచాను.

అప్పుడు గంట మోగింది. ముందున్నవాళ్లకి అది చివరి చుట్టు. నేను లెక్క వేసుకున్నాను. మా పిల్ల గీత దాటి గెలిచేలోగా నన్ను దాటకపోతే చాలు, నా చివరి చుట్టు నాకు మిగులుతుంది. దాటిందంటే విజిల్. ఇన్నాళ్లూ ఎవరెవరో దాటారు. ఈసారి నన్ను దాటబోయేది మా మనిషే.

చివరి వాలు దగ్గరికి వచ్చాను. రెండు వైపులా రిబ్బన్లు కట్టిన సన్నటి దారి అది. కింద కొంచెం చదును, ఆ వెంటనే ఫినిష్ గీత. ఎప్పటిలాగే భయంతో దిగి, సైకిలు పట్టుకుని పరుగెత్తాను. సగం దిగానో లేదో వెనక నుంచి చక్రాల చప్పుడు. తిరిగి చూశాను. టైలర్ పిల్ల. ఆమె వెనక వాలు పైన పచ్చ జెర్సీ.

ముందున్నవాళ్లకి దారివ్వడం ఈ ఆటలో మర్యాద. పక్కకి తప్పుకోవడానికి సైకిలు వంచాను. నా సంగతి తర్వాత. ఆ పిల్ల గెలవాలి.

"జరగకు అక్కా!" అని అరిచింది. "నడిమిట్లనే ఉరుకు! ఉరుకు!"

ఉరికాను. ఏం ఆలోచించలేదు. వెనక ఏదో నేలని గీరుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది, దగ్గరికి మాత్రం రావడం లేదు. కిందికి దిగాను, సైకిలు మీదికి ఎక్కాను, ఎలా ఎక్కానో తెలియదు. గీత దాటాను. దాటిన క్షణంలోనే, చదునులో మా పిల్లని వెనకేసి, నా పక్క నుంచి పచ్చ జెర్సీ గాలిలా వెళ్లింది. ఆ వెనక మా పిల్ల.

విజిల్ వేసే ఆయన నన్ను చూశాడు. విజిల్ నోటి దగ్గర పెట్టుకోలేదు. చేత్తో ముందుకి చూపించాడు, వెళ్లమని.

నా చివరి చుట్టు ఒంటరిగా తొక్కాను. మైదానంలో ఇంకెవరూ లేరు. నా ఊపిరి నాకే వినబడుతోంది. కాళ్లు మొద్దుబారాయి, ఆయాసం, బురద. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఆ క్షణాన నేను ఎవరెవరికి రుణపడి ఉన్నానో అందరూ గుర్తొచ్చారు. వాచ్‌మన్ కూడా. వాలు దగ్గర మళ్లీ దిగి నడిచాను. గీత దగ్గర డాక్టరు రెండు చేతులూ ఎత్తి, తన మర్యాదంతా మర్చిపోయి, "రావే, రావే!" అని అరుస్తోంది.

బోర్డు మీద మా జట్టు పేరు రాశారు. అన్నిటికన్నా కింద. ఆ తల్లి దాన్ని చూసి, "అంత సింధూరం మహిమనే" అని అందరికీ సత్తు ముద్దలు పంచింది. మేం ముగ్గురం కాదనలేదు.

పచ్చ జెర్సీ అమ్మాయి టైర్లు తీసుకుని వెళ్లాక, మా పిల్ల కోసం వెతికాను. కారు వెనక, ఎడమ కాలు మడిచి కింద పెట్టుకుని కూర్చుని సత్తు తింటోంది. ఆ కూర్చోవడం నాకు నచ్చలేదు. కాలు లాగి చూశాను. బూటు అడుగు సగం లేదు. మేజోడు చిరిగిపోయింది. మడమ దగ్గర చర్మం లేచిపోయి, బురదా రక్తమూ కలిసిపోయాయి.

"ఏంటే ఇది?"

"బ్రేకుల్లేవు గదక్కా. వాలుకాడ కాలు పెట్టి ఆపిన."

"అన్ని చుట్లూ కాలు పెట్టకుండానే దిగావు. నేను చూశాను. ఆ ఒక్కసారే ఎందుకు పెట్టావు?"

ఆమె ఇంకో సత్తు ముద్ద నోట్లో పెట్టుకుంది.

"నిన్నే అడిగేది."

"నేను దాటితే నీకు విజిల్ కొడుతరు. గీసారి కొడితే నువ్వు పోతా అన్నవంట గదా. డాక్టరక్క చెప్పింది."

డాక్టరు వైపు తిరిగాను. ఆవిడ చాలా శ్రద్ధగా తన సైకిలు చక్రం తుడుచుకుంటోంది.

"నీకు బుద్ధుందా?" అన్నాను. నా గొంతు మైదానమంతా వినబడి ఉంటుంది. "గెలిచేదానివి! ఆ టైర్ల కోసం ఎన్ని నెలల నుంచి..."

"టైర్లు మల్ల వస్తయక్కా" అంది. "నువ్వొక్కసారి అలిగి పోతే మల్ల రావు. నీ కోపం నాకెర్కలేదా?"

ఇరవై ఏళ్లుగా హాస్టల్ నడుపుతున్నాను. తిట్టాల్సిన మనిషి కాలు పట్టుకోవడం అదే మొదటిసారి. ఆ కాలు నా ఒళ్లో పెట్టుకుని, సీసాలో నీళ్లు పోసి, మడమ కడిగాను. మంటకి ఆమె వేళ్లు ముడుచుకుంది.

"ఊదక్కా" అంది.

ఊదాను.